గ్లైడ్ బాగుంది, రబ్బరు చుడితే ఎడమకి పడిపోతోంది: బాల్సా విమానానికి ట్రిమ్మింగ్ (ఎగిరే తీరు సర్దే) సలహా కావాలి

తూనీగ (కాకినాడ):
అందరికీ నమస్కారం. రెండు నెలలు కూర్చుని, బాల్సా అనే తేలిక చెక్కతో, చుట్టిన రబ్బరు బలంతో ఎగిరే పీ-30 తరహా (30 అంగుళాల పోటీ తరగతి) చిన్న విమానం కట్టాను. రెక్క 30 అంగుళాలు, రబ్బరు లేకుండా బరువు 46 గ్రాములు, తొమ్మిదిన్నర అంగుళాల ప్లాస్టిక్ ప్రొపెల్లరు, 10 గ్రాముల రబ్బరు ఆరు పేటలుగా. చేత్తో వదిలితే గడ్డి మీదకి చక్కగా, కొంచెం ఎడమకి తిరుగుతూ దిగుతోంది. 150 చుట్లకీ బాగానే ఉంది. 400 చుట్టేసరికి ముక్కు నిలువుగా ఎత్తి, ఎడమకి ఒరిగి, తిరగబడి నేలకి కొడుతోంది. ముక్కు రెండుసార్లు విరిగింది. ముక్కుకి బరువుగా మైనం పెట్టి చూశాను, తోక వెనక అంచు వంచి చూశాను. ఇప్పుడు గ్లైడ్ కూడా పోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గాలిపటం మాస్టారు (రాజమండ్రి):
బాబూ, ముందు ఆ మైనం తీసేయి, తోకని ఉన్నట్టుగా పెట్టు. గ్లైడ్ బాగున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. చుట్టినప్పుడు మాత్రమే వచ్చే జబ్బుకి మందు ముక్కులోనే వేయాలి.

వెనకనుంచి చూస్తే ప్రొపెల్లరు కుడికి తిరుగుతుంది కదా, దాని ఎదురుదెబ్బకి విమానం ఎడమకి ఒరుగుతుంది. రబ్బరు బలం మొదటి కొన్ని సెకన్లే విపరీతంగా ఉంటుంది, తరవాత నిదానిస్తుంది. 150 చుట్లకి కనిపించని రోగం 400కి బయటపడింది అందుకే. ప్రొపెల్లరు ఉన్న ముక్కు దిమ్మని ఊడదీసి, పైలట్ సీట్లో కూర్చున్నట్టు ఊహించుకుని, ఎడమ అంచు కింద 0.8 మిల్లీమీటర్ల బాల్సా పేలిక (సన్నని చెక్కముక్క) ఒకటి దోపు. ప్రొపెల్లరు కుడికి చూస్తుంది. పై అంచు కింద ఇంకొకటి దోపితే కిందికి చూస్తుంది, ముక్కెత్తడం తగ్గుతుంది. రెండూ ఒకేసారి వద్దు. ఒకటి మార్చు, 50 చుట్లు పెంచు, ఎగరెయ్యి, నోటుబుక్కులో రాసుకో. నా దగ్గర ఒక్కో విమానానికి ఒక్కో నోటుబుక్కు ఉంది.

తోక కోణం సంగతి తెలియాలంటే 1871 ఆగస్టు 18న పారిస్‌లో ట్యులరీ తోటలో ఫ్రెంచి ప్రయోగకర్త అల్ఫోన్స్ పెనో ఎగరేసిన రబ్బరు విమానం గురించి చదువు. 11 సెకన్లలో దాదాపు 40 మీటర్లు పోయింది. రెక్క కంటే తోక తక్కువ కోణంలో ఉంటే విమానం తనంతట తానే సర్దుకుంటుందని ఆయన చేసి చూపించాడు. మనం ఈ రోజుకీ చేస్తున్నది అదే. ఆ కోణాన్ని ఊరికే కెలకొద్దు.

డాలస్ నాన్న:
మాస్టారు చెప్పింది నిజం. నాదొక అనుమానం. తూనీగ గారూ, మీ ఎడమ రెక్క మెలి తిరిగిందేమో చూశారా? మా అమ్మాయి సైన్స్ ఒలింపియాడ్ అనే స్కూలు పోటీ కోసం స్కూలు జిమ్‌లో ఎగరేసేది. ఇండోర్‌లో కావాలనే ఎడమకి తిప్పుతాం, అందుకని ఎడమ రెక్క వెనక అంచుని కాస్త కిందికి ఉంచుతాం, ఆ రెక్కకి లిఫ్ట్ (పైకెత్తే బలం) పెరిగి ఒరగకుండా ఆపుతుంది. మీది రివర్స్‌లో, అంటే వెనక అంచు పైకి లేచి ఉంటే, వేగం పెరిగినకొద్దీ ఎడమకి లాగేస్తుంది. విమానాన్ని చేయి చాచి పట్టుకుని, వెనకనుంచి, ఒక కన్ను మూసి కిటికీ చట్రంతో పోల్చి చూడండి.

రబ్బరు ఎలా చుడుతున్నారు? వేలితోనా? ఒకరు విమానాన్ని పట్టుకోవాలి, ఇంకొకరు రబ్బరుని నాలుగైదు రెట్లు సాగదీసి, సగం చుట్లు అక్కడే నిలబడి చుట్టి, మిగతా సగం మెల్లగా ముందుకి నడుస్తూ చుట్టాలి. కొత్త రబ్బరుకి సిలికాన్ నూనె రాయండి. ఆముదం కూడా పనిచేస్తుంది. కుట్టు మిషను నూనె మాత్రం వద్దు, పెట్రోలియం నూనెకి సహజ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. మొదట్లో తెలియక ఒక కట్ట మొత్తం అలాగే పోగొట్టుకున్నాం. ఒక రబ్బరుని తెగేదాకా చుట్టి లెక్కపెట్టండి, అందులో 80 శాతం దాటకండి.

పాత క్యాడెట్ (వరంగల్):
ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో నేర్చుకున్న ఒక్క మాట. చెక్కని కొనగానే తూకం వేయాలి, బంగారం కొట్లో వాడేలాంటి చిన్న కాటా మీద. రెండు రెక్కల పుల్లలూ ఒకే బరువువి ఉండాలి, తోకకి అన్నిటికంటే తేలికవి. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో రెండు మూడు గ్రాములు మోయాలి.

కాకినాడ ఉక్కకి రెక్క మీద అంటించిన టిష్యూ కాగితం ఒక రోజు బిగుస్తుంది, ఒక రోజు సడలుతుంది. కాగితం బిగియడానికి నీళ్లు చిలకరించాక రెక్కని బోర్డు మీద పిన్నులు గుచ్చే ఆరబెట్టాలి తమ్ముడూ. ఇప్పటికే మెలి తిరిగితే భయం లేదు. కెటిల్ ఆవిరి మీద పట్టి, ఎదురుదిక్కుకి కొంచెం ఎక్కువే మెలిపెట్టి, చల్లారేదాకా అలాగే పట్టుకో.

తూనీగ (కాకినాడ):
డాలస్ నాన్న గారూ, మీరు చెప్పినట్టే ఉంది! ఎడమ రెక్క చివర వెనక అంచు 3 మిల్లీమీటర్లు పైకి లేచింది. టిష్యూ తడిపాక ఫ్యాను కింద ఊరికే పెట్టేశాను, అదీ జరిగింది. గ్లైడ్‌లో ఎడమకి తిరుగుతుంటే నేను పెట్టిన చుక్కాని వల్లే అనుకున్నాను.

ఆవిరి పట్టి సరిచేశాక, నిన్న పొద్దున్న ఆరింటికి, గాలి లేవకముందే కోత కోసిన పొలంలోకి వెళ్లాం. మా తమ్ముడు ముక్కు దగ్గర పట్టుకున్నాడు. 300కి ఇంకా కొంచెం ఎడమ. ఎడమ పేలిక దోపాను. 350కి తిన్నగా ఎక్కింది కానీ పైన ఆగి తల ఊపింది. పై పేలిక దోపాను. 400కి పెద్ద కుడి వలయంలో మెలికలు తిరుగుతూ ఎక్కి, ప్రొపెల్లరు ఆగాక తనంతట తాను ఎడమ గ్లైడ్‌లోకి వచ్చింది. 41 సెకన్లు. నా చేతులు వణికాయి.

ఆగలేక తొమ్మిదింటికి 650 చుట్టాను. రబ్బరు మీద రెండో వరస ముడులు గట్టిగా పడి, పేటలు వేళ్లకి రాయిలా తగిలాయి. వదిలాక రెండు నిమిషాలైనా దిగలేదు. పైకే పోయింది. చుక్కయింది. రొయ్యల చెరువుల వైపు వెళ్లి కనపడలేదు. రెక్క కింద ఫోన్ నంబరు రాశాను కాబట్టి చూడాలి.

గాలిపటం మాస్టారు:
వేడి గాలి సుడిలో పడింది బాబూ. పీ-30 పోటీల్లో ఒక ఫ్లైటుకి లెక్కపెట్టేదే 120 సెకన్లు. అంత బాగా కుదిరిన విమానానికి డీథర్మలైజర్ (సమయానికి విమానాన్ని కిందికి దించే ఏర్పాటు) లేకుండా ఎగరేయకూడదు. తోకని వెనక రబ్బరు బ్యాండు లాగుతుంటుంది, ఒక దారం ఆపుతుంటుంది. సమయానికి దారం విడిపోతే తోక 45 డిగ్రీలు పైకి లేచి, విమానం చదునుగా మెల్లగా దిగిపోతుంది. పాతరోజుల్లో ఒత్తి వెలిగించి దారాన్ని కాల్చేవాళ్లు. గడ్డి ఉన్న పొలంలో నిప్పు అస్సలు వద్దు. చిక్కటి సిలికాన్ ద్రవంలో తిరిగే చిన్న టైమరు పెట్టు. రెండు గ్రాముల లోపే ఉంటుంది.

తూనీగ (కాకినాడ):
ఇప్పుడే ఫోన్ వచ్చింది. చెరువు కాపలా ఆయన చేశారు. గట్టు మీద తుమ్మ చెట్టుకి తగులుకుందట, కుడి రెక్కలో రెండు రిబ్బులు (అడ్డపుల్లలు) విరిగాయి, మిగతాదంతా బాగుంది. వాళ్ల అబ్బాయి దాన్ని కిందికి దించి, ఎండ తగలకుండా గోనెసంచి కప్పి ఉంచాడట. సాయంత్రం వెళ్తున్నాను, ఆ పిల్లాడికి ఒక చిన్న విమానం పట్టుకెళ్తాను. మాస్టారూ, ఆ టైమరుని రెక్క వెనక పెట్టాలా, ముందా? బరువు ఎక్కడ పడితే మేలు?

గాలిపటం మాస్టారు:
రెక్క కిందే, బరువు కేంద్రానికి వీలైనంత దగ్గర. పెట్టాక గ్లైడ్ మళ్లీ మొదటినుంచి చూసుకో.