యేసు నామంలో ఆజ్ఞాపించాలా, వేడుకోవాలా?
అందరికీ వందనాలు. పక్షవాతంతో మంచాన ఉన్న మా అమ్మ చెయ్యి పట్టుకుని రోజూ ప్రార్థిస్తున్నాను. మా సంఘంలో ఒక అక్క "బతిమాలొద్దు, యేసు నామంలో రోగాన్ని గద్దించు" అంటున్నారు. అపొస్తలుల కార్యములు 3లో పేతురు కుంటివాణ్ణి అలాగే లేపాడు, నిజమే. కానీ 19వ అధ్యాయంలో స్కెవ అనే యూదుల ప్రధాన యాజకుడి కొడుకులు ఏడుగురూ అదే నామం పలికితే, దయ్యం పట్టినవాడు మీదపడి కొట్టాడు. గాయాలతో, ఒంటిమీద బట్టల్లేకుండా పారిపోయారు! ఆయన నామంలో అద్భుతాలు చేశామన్నవాళ్లతోనే యేసు "మిమ్మల్ని ఎన్నడూ ఎరుగను" అనే మత్తయి 7:22, 23 చదివితే ఇంకా భయమేస్తోంది.

మరి అధికారం పలకడంలో ఉందా, ఆయనకు లోబడి బతకడంలోనా? "నా నామంలో ఏమి అడిగినా చేస్తాను" అనే యోహాను 14:13, 14లోని మాట, 1 యోహాను 5:14లో చెప్పినట్టు ఆయన చిత్తానుసారంగా అడిగేవాటికేనా? అమ్మ లేవకపోతే నా విశ్వాసం చాలలేదనుకోవాలా? ఈ చివరిదే నన్ను నిద్రపోనివ్వట్లేదు. దయచేసి వాక్యాధారంతో చెప్పండి.