ఎనిమిదో తరగతికి ఎలాంటి కథలు చెప్పాలి?

దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. ఈ ఏడు ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన ఒడిశా కుటుంబాల పిల్లలు ఇద్దరు మా ఎనిమిదో తరగతిలో చేరారు. వాళ్లు నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీల్లో నవ్వులు. ఆ నవ్వేవాళ్లలో కొందరి తల్లిదండ్రులూ ముంబయికి వలస వెళ్లినవాళ్లే!

మొన్న హిరోషిమా అమ్మాయి సడాకో ససాకి గురించి చెప్పాను. 1945లో బాంబు పడినప్పుడు ఆమెకు రెండేళ్లు. 1955లో ల్యుకేమియాతో చనిపోయింది, ఆస్పత్రి మంచం మీద కాగితపు కొంగలు మడుస్తూ. మా పిల్లలు నోటుపుస్తకాలు చించి మరీ కొంగలు చేశారు (లెక్కల మాస్టారు ఇంకా నాతో మాట్లాడటం లేదు). తీరా మధ్యాహ్న భోజనం వరుసలో మళ్లీ అదే వెక్కిరింపు.

ఏడిపించే కథలు ఇక వద్దనిపిస్తోంది. ఒడియా కథల్లో నాకు తెలిసింది కోణార్క గుడికి శిఖరం నిలిపిన పన్నెండేళ్ల ధర్మపదుడిది ఒక్కటే. అదీ సముద్రంలో దూకడంతో ముగుస్తుంది. నవ్విస్తూ ఆలోచింపజేసే ఒడియా, బంజారా, ఆఫ్రికా కథలేవైనా చెబుతారా? కథ అయ్యాక ‘నీతి ఏమిటి?’ అని కాకుండా ఏమి అడిగితే పిల్లలు మనసు విప్పుతారు? ఆ ఇద్దరి చేత వాళ్ల భాషలోనే ఒక కథ చెప్పిస్తే మేలా, మరింత నగుబాటా?