టూవీలర్ టెస్ట్‌లో 8 దగ్గర కాలు కింద పడుతోంది, వచ్చే గురువారం స్లాట్ (గుంటూరు)

కొత్తబండి_07:
అందరికీ నమస్తే. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చి 41 రోజులైంది, గేర్ బండి క్లాస్. బండి స్ప్లెండర్ ప్లస్, 2021 మోడల్. తిన్నగా పోవడం, గేర్లు మార్చడం, ఆపడం వచ్చేశాయి. టెస్ట్‌లో 8 అంకె ఆకారపు గీతల మధ్య బండి తిప్పాలి కదా, ఆ 8 వేసేటప్పుడే ఇబ్బంది. మొదటి సున్నా బాగానే తిరుగుతుంది. మధ్యలో అడ్డం దాటి రెండో సున్నాలోకి వెళ్లగానే బండి కుదుపు ఇస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది, లేదా బండి లోపలికి వాలిపోయి కాలు పెట్టాల్సి వస్తుంది. రేజింగ్ ఎక్కువిస్తే గీత దాటి పోతున్నా. ఎలా ప్రాక్టీస్ చేయాలి? బండిలో ఏమైనా చూపించాలా? టెస్ట్‌కి ఏమేం తీసుకెళ్లాలి? లైసెన్స్ వచ్చాక రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లాలి, దానికి కూడా చెప్పగలిగితే మేలు.

కాలవగట్టు:
తమ్ముడూ, రెండో సున్నాలోనే ఆగుతోందంటే కారణం దాదాపు ఖాయం. మధ్యలో హ్యాండిల్ ఎడమ నుంచి కుడికి మారేటప్పుడు కుడి చెయ్యి దగ్గరికి ముడుచుకుంటుంది, దాంతో నీకు తెలియకుండానే రేజింగ్ తగ్గుతుంది. సరిగ్గా అదే సమయానికి కంగారులో క్లచ్ పూర్తిగా వదిలేస్తావు. ఫస్ట్ గేర్‌లో రేజింగ్ లేకుండా క్లచ్ పూర్తిగా వదిలితే ఆ చిన్న మలుపులో బండి గింజుకుని ఆగిపోతుంది.

8లో నీ చేతిలో ఉండాల్సింది క్లచ్. రేజింగ్ ఒకచోట పెట్టేసి మణికట్టు కదపకుండా ఉంచాలి. వేగం పెంచడం, తగ్గించడం అంతా క్లచ్‌తోనే. లివర్ మీద నాలుగు వేళ్లు బిగించకు, రెండు వేళ్లు చాలు. ముందు బండి నిలబెట్టి ఈ ఒక్కటీ నేర్చుకో. ఫస్ట్ గేర్ వేసి రెండు కాళ్లూ నేలమీద ఉంచి క్లచ్ కొద్దికొద్దిగా వదులు. ఒకచోట ఇంజన్ చప్పుడు బరువుగా మారుతుంది, బండి ముందుకు తోసినట్టవుతుంది. లివర్‌ని అక్కడే ఆపి, మళ్లీ ఒక వేలిమందం లోపలికి లాగు, బండి వదులవుతుంది. ఈ వేలిమందం దూరంలోనే 8 మొత్తం నడుస్తుంది. పదిహేను ఇరవై సార్లు చేస్తే వేళ్లకి గుర్తుండిపోతుంది. అయిదు నిమిషాలకోసారి బండికి విశ్రాంతి ఇవ్వు. సగం క్లచ్‌లో ఎక్కువసేపు ఉంచితే ప్లేట్లు వేడెక్కి జారతాయి.

తర్వాత వెనక బ్రేకు. 8 తిరుగుతున్నంతసేపూ కుడికాలు బ్రేకు పెడల్ మీద అలా తాకించి ఉంచు. ఇంజన్ ముందుకు లాగుతుంటే బ్రేకు కొంచెం వెనక్కి పట్టుకుంటుంది, బండి ఊగకుండా నిటారుగా ఉంటుంది. అయితే నీ బండికి ఐబీఎస్ ఉంది. పెడల్ గట్టిగా తొక్కితే ముందు బ్రేకు కూడా పడుతుంది. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు చక్రం పట్టేస్తే బండి అక్కడికక్కడే పక్కకి పడిపోతుంది. అందుకే పెడల్ మీద కాలు బరువు మాత్రమే, తొక్కుడు వద్దు. కుడిచేతి బ్రేకు లివర్ మీద వేళ్లే పెట్టకు.

చూపు చాలా ముఖ్యం. ముందు చక్రాన్నో కింద గీతనో చూస్తే బండి అటే పోతుంది. సున్నాలోకి వెళ్లగానే తల తిప్పి ఎదురుగా ఉన్న అంచుని చూడు, అక్కడికి చేరకముందే మధ్య అడ్డం వైపు చూడు. గడ్డం భుజం వైపుకి రావాలి, అంత తిప్పాలి. మనిషివి నిటారుగా ఉండు, బండిని మాత్రమే వాల్చు. మోకాళ్లు ట్యాంకుకి ఆనించు.

ప్రాక్టీస్‌కి గ్రౌండ్‌లో రెండు ఇటుకలు చాలు. మొదట ఎనిమిది మీటర్ల దూరంలో పెట్టి వాటి చుట్టూ తిరుగు, కాలు పడకుండా పదిసార్లు వస్తే ఏడుకి, తర్వాత ఆరుకి తగ్గించు. నేల పొడిగా ఉంటే రెండు టైర్లూ తడిపి ఒక రౌండ్ వేసి దిగి చూడు. ముందు చక్రం గీత బయట, వెనక చక్రం గీత లోపల పడి ఉంటుంది. ముందు చక్రాన్ని లోపలి గీతకి ఆనించి నడిపితే వెనక చక్రం గీత తొక్కేది ఇందుకే. ఎప్పుడూ బయటి అంచుకి దగ్గరగా పో.

ఆటోనగర్_స్పానర్:
పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. కానీ కుదుపు అన్నారు కాబట్టి చెయిన్ ముందు చూడండి. చెయిన్ వదులుగా ఉంటే సగం క్లచ్‌లో లాగడం, వదలడం జరిగిన ప్రతిసారీ టక్కుమని తగులుతుంది. ఎంత చక్కగా క్లచ్ పట్టినా బండి గెంతుతుంది. స్ప్లెండర్ చెయిన్ కవర్‌కి ఒక రబ్బరు మూత ఉంటుంది. అది తీసి వేలితో చెయిన్ పైకీ కిందికీ ఆడించండి. ఆట 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటే సరి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడాలి. ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉంటే చెయిన్ సాగిపోయినట్టే, టైట్ చేసి ప్రయోజనం లేదు, స్ప్రాకెట్లతో (చెయిన్ తిరిగే పళ్ల చక్రాలతో) సహా సెట్ మార్చాలి.

క్లచ్ లివర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు వదులే లేకపోతే క్లచ్ జారుతుంది, మరీ ఎక్కువుంటే లివర్ పూర్తిగా లాగినా క్లచ్ విడిపోదు, న్యూట్రల్ పడదు. కేబుల్ బిరుసుగా ఉంటే నూనె వేసి ఊరుకోకండి, కొత్తది వేయించండి. ఖర్చు తక్కువే, టెస్ట్‌లో ఉపయోగం ఎక్కువ. మీది బీఎస్ సిక్స్, ఇంజెక్షన్ బండి. పాత కార్బురేటర్ బండ్లలా స్క్రూ తిప్పి స్లో రేజింగ్ పెంచడం కుదరదు. ఎవరైనా పెంచుతామంటే ఒప్పుకోవద్దు. స్లోలో దానంతటదే ఆగిపోతుంటే థ్రాటిల్ బాడీ, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించాలి.

ఒక చిన్న సంగతి. మీ బండికి ఐత్రీఎస్ స్విచ్ ఉంటే టెస్ట్ రోజు ఆఫ్ చేయండి. లేదంటే వరసలో న్యూట్రల్‌లో నిలబడి ఉండగా ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది, కొత్తవాళ్లు బండి చెడిందనుకుని కంగారు పడతారు.

టైర్లలో గాలి: ముందు 25, వెనక 28 పీఎస్ఐ. గాలి తక్కువున్న ముందు టైరుతో హ్యాండిల్ బరువెక్కుతుంది, 8 తిరగదు.

బ్రాడీపేట_రైడర్:
కాగితాల సంగతి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్ట్, మీకు దాటింది కాబట్టి సరే. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. స్లాట్ కాగితం, ఎల్‌ఎల్‌ఆర్ ప్రింట్, ఆధార్ ఒరిజినల్, బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. బండి మీ పేరు మీద ఉండనక్కర్లేదు, కానీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు ముందు రోజే చూసుకోండి. ఐఎస్ఐ హెల్మెట్ పెట్టుకుని క్లిప్ పెట్టుకోవడం మర్చిపోవద్దు. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి: 18 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక, దానిమీద ఎర్ర ఎల్. ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉన్నంతకాలం వెనక ఫ్రెండ్‌ని ఎక్కించుకోకూడదు. లైసెన్స్ ఉండి నేర్పించే మనిషి అయితేనే.

గేర్ బండికి అప్లై చేసి స్కూటీతో టెస్ట్ ఇద్దామని కొందరు చూస్తారు. వద్దు. గేర్‌లెస్ లైసెన్స్ మీద గేర్ బండి నడిపితే లైసెన్స్ లేనట్టే లెక్క, ఫైన్ 5 వేలు.

చేతి సైగలు కూడా అడగొచ్చు. కుడికి తిరగాలంటే కుడిచెయ్యి చాచి, అరచెయ్యి ముందుకి. ఎడమకి అయితే అదే చెయ్యి చాచి అపసవ్యంగా తిప్పాలి. ఆపడానికి మోచేయి దగ్గర మడిచి చెయ్యి నిలువుగా పైకి. బండి మీద చిక్కు ఏంటంటే కుడిచెయ్యి తీస్తే రేజింగ్ పోతుంది, బండి ఒక్కసారి వెనక్కి లాగినట్టవుతుంది. కాబట్టి ముందు క్లచ్ పట్టు, తర్వాత చెయ్యి తియ్యి, సైగ చేసి మళ్లీ హ్యాండిల్ పట్టుకున్నాకే క్లచ్ వదులు.

ఫెయిలైతే కంగారు పడొద్దు. 7 రోజుల తర్వాత మళ్లీ స్లాట్ దొరుకుతుంది. మూడుసార్లు పోతే మాత్రం 60 రోజులు ఆగాలి.

కొత్తబండి_07:
చాలా థ్యాంక్స్ అన్నా, అందరికీ. చెయిన్ మూత తీసి చూశా, వేలితో ఆడిస్తే రెండు ఇంచీలు ఊగుతోంది! రేపు సెట్ చేయిస్తా. రోడ్డు సంగతి కూడా చెప్పండి. అమ్మని ఎక్కించుకుని కూడా తిరగాలి.

కాలవగట్టు:
రెండు ఇంచీలంటే కుదుపుకి సగం కారణం అదే. సెట్ చేయించాక 8 మళ్లీ మొదట్నించి ప్రాక్టీస్ చెయ్యి, బండి కొత్తగా అనిపిస్తుంది.

లైసెన్స్ రాగానే హైవే ఎక్కకు. మొదటి రెండు వారాలు ఉదయం 6 గంటలకి గుంటూరులోనే తిరుగు. అరండల్‌పేట, లక్ష్మీపురం అడ్డరోడ్లు ఆటోల మధ్య నెమ్మదిగా పోవడానికి బాగుంటాయి, 8లో నేర్చుకున్న సగం క్లచ్ అక్కడే పనికొస్తుంది. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడానికి కంకరగుంట బ్రిడ్జి ఎక్కేచోట ప్రాక్టీస్ చెయ్యి. కుడికాలు వెనక బ్రేకు మీద, ఎడమకాలు నేల మీద. క్లచ్ పట్టు దొరికి బండి ముందుకి లాగుతున్నట్టు అనిపించాకే బ్రేకు వదులు. ముందే వదిలితే వెనక్కి జారి వెనకున్న ఆటోకి తగులుతుంది.

బ్రేకులు రెండూ కలిపి పట్టడం అలవాటు చేసుకో. ముందు బ్రేకు అంటే భయపడి వెనకది మాత్రమే తొక్కేవాళ్లకి ఆగే దూరం బాగా పెరిగిపోతుంది. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, గట్టిగా ఆపగలిగేది అదే. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించు. ఇసుక ఉన్నచోట, మలుపులో మాత్రం ముందు బ్రేకు వద్దు, మలుపుకి ముందే వేగం తగ్గించుకో.

హైవే మీద మంగళగిరి దాటేదాకా ఎడమ లేన్‌లోనే ఉండు, కానీ మరీ అంచుకి పోకు, ఇసుకంతా అక్కడే చేరుతుంది. మిర్చి సీజన్‌లో బస్తాలు ఎత్తుగా వేసిన లారీలు యార్డ్ వైపు వస్తూ పోతూ ఉంటాయి. వాటి వెనక దగ్గరగా ఉంటే ముందు గుంట కనపడదు, పక్కన దాటితే గాలి తోస్తుంది. డ్రైవర్ అద్దం నీకు కనపడకపోతే నువ్వు ఆయనకి కనపడవు, అది గుర్తుపెట్టుకో. విజయవాడలో బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఆఫీసు టైంలో అన్ని వైపుల నుంచీ వస్తారు. ఇండికేటర్ ముందే వేసి, అద్దంలో చూసి, తల కూడా తిప్పి చూశాకే మారు. తిరిగాక ఇండికేటర్ ఆపడం మర్చిపోతారు కొత్తవాళ్లు, వెనకవాళ్లు దాన్ని నమ్మి దూరతారు. తొలకరి చినుకులు పడ్డ మొదటి అరగంట రోడ్డు మీద నూనె, దుమ్ము కలిసి జిగటవుతుంది, ఆ అరగంట ఎక్కడైనా ఆగిపోవడమే మంచిది.

ఆటోనగర్_స్పానర్:
అమ్మగారిని ఎక్కించుకునే రోజు వెనక టైరులో గాలి 28 చాలదు, 40 పెట్టించండి. బండి చల్లగా ఉన్నప్పుడే, ఇంటికి దగ్గరి బంకులో. వెనక షాక్‌ అబ్జార్బర్లు మెత్తగా ఉంటే ఇద్దరి బరువుకి స్పీడ్ బ్రేకర్ దగ్గర దెబ్బ నడుముకి తగులుతుంది, వాటిని ఒక మెట్టు బిగించమని మెకానిక్‌కి చెప్పండి. చీర కొంగు చక్రంలో చిక్కకుండా శారీ గార్డ్ ఉందో లేదో చూడండి, వంగి ఉంటే సరిచేయించండి. ఆవిడక్కూడా హెల్మెట్ తప్పనిసరి. మీది ఇవ్వకండి, ఆవిడ తలకి సరిపోయేది వేరే కొనండి. పెట్టుకుని క్లిప్ బిగించాక వెనక నుంచి పైకి తోసి చూడండి. ఊడి ముందుకి వచ్చేస్తే ఆ సైజు పనికిరాదు.