బోరు పది నిమిషాలకే గాలి ఊదుతోంది, ఎవరైనా చెప్పండి (అర్జెంట్)

సంపు ఖాళీ:
పొద్దున అయిదు నుంచి మోటారు దగ్గరే నిలబడి ఉన్నా. ఇంకా స్నానం కూడా లేదు. స్విచ్ వేస్తే పది నిమిషాలు ధారగా పోస్తుంది, తర్వాత బుస్సుమని గాలి. ఆపి మళ్ళీ వేసినా అదే తంతు. కార్తీకంలో వానలు దంచి కొట్టాయి, కపిలతీర్థం ధార చూడ్డానికి జనం ఎగబడ్డారు, మా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. ఇంకా ఉగాదే రాలేదు, అప్పుడే బోరు ఎండిపోతే ఎట్లా? సెక్రటరీ అయిన పాపానికి అపార్ట్‌మెంట్ అంతా నామీదే పడుతోంది. వెయ్యి అడుగులకు ఇంకో బోరు వేయించమని ఒకరు, ట్యాంకర్లు మాట్లాడమని ఒకరు. ఏం చేయాలి?

కేసింగ్ పైపు:
లోతెంత? మోటారు ఎన్ని హెచ్‌పీ? ఏ ఏరియా?

సంపు ఖాళీ:
మామూలు బోరే సార్. తిరుపతిలోనే.

కేసింగ్ పైపు:
తిరుపతిలో ఎక్కడ సామీ? తిరుచానూరు వైపు స్వర్ణముఖి ఇసుక నేల వేరు, కొండ కింద రాతి నేల వేరు. వివరాలు పెట్టకుండా అడిగితే జాతకం చెప్పాల్సిందే.

చెరువు గట్టు:
నీటిపారుదలలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, కాబట్టి చెబుతున్నా. మనకు వాన తక్కువై కాదు ఈ కష్టం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సగటున ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. నైరుతి కొంత, ఈశాన్యం కొంత. తూర్పు వైపున ఈశాన్యమే పెద్ద దిక్కు. అదీ వాయుగుండం పట్టిన నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది. 2021 నవంబరు గుర్తుందా? ఊరు మునిగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. అంత నీళ్ళనూ పట్టి ఉంచే గొలుసుకట్టు చెరువులు ఈరోజు ఎక్కడున్నాయి? పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. వాగుల్లో ఇళ్ళు కట్టుకుని, చెరువుల్లో ప్లాట్లు వేసుకుని, ఇప్పుడు బోరును తిడితే లాభం లేదు. కల్యాణి డ్యాము చాలకే కదా తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీళ్ళు కండలేరు జలాశయం నుంచి కైలాసగిరి జలాశయం మీదుగా తెచ్చుకుంటున్నాం. ఎక్కడి కృష్ణ, ఎక్కడి తిరుపతి!

సంపు ఖాళీ:
సార్, చెరువుల సంగతి తర్వాత చూద్దాం. ఇక్కడ బాత్రూముల్లో నీళ్ళు లేవు.

ఎమ్మార్‌పల్లె అమ్మమ్మ:
చెరువు గట్టు గారు చెప్పింది నిజం. 2021లో మా పక్క శ్రీకృష్ణనగర్‌లో ఒకరింట్లో భూమిలో ఉన్న సిమెంటు రింగుల తొట్టి పైకి తన్నుకొచ్చింది, టీవీల్లో కూడా చూపించారు. అంత నీళ్ళు తాగిన నేల ఇది. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుంది. ఎప్పుడు ఫోన్ చేసినా "ముసురమ్మా" అంటుంది. అటువంటి దేశంలో 2022లో కరువని ప్రకటించారు! అక్కడ 1935 తర్వాత అంత పొడి జులై లేదట. తోటకు పైపు పెట్టకూడదు, కారు కడగకూడదు, పట్టుబడితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. తీరా చూస్తే లండన్‌లో ఏడాదికి పడేది 600 మిల్లీమీటర్లేనట, మనకన్నా తక్కువ. వాన ఎక్కువ పడేదేమో పడమటి కొండల్లో, జనం ఎక్కువ ఉండేదేమో ఆగ్నేయంలో. వాళ్ళకు భూమిలోకి ఇంకేది చలికాలం వానే. ఎండాకాలం పడింది చెట్లూ ఎండా తాగేస్తాయి. చలికాలం వాన తప్పితే ఆ ఏడాదంతా ఇబ్బందే.

టెంకాయ శాస్త్రం:
లండన్ గొడవ మనకెందుకమ్మా. బోరు ఈశాన్యంలో ఉందా లేదా, అది చెప్పమనండి. పాయింటు ఎవరు చూశారు? అరచేతిలో టెంకాయ నిలబెట్టి చూసే మనిషి ఉన్నాడు, కావాలంటే పంపిస్తా.

కేసింగ్ పైపు:
టెంకాయతో చట్నీ చేసుకోండి. సెక్రటరీ గారూ, లోతు?

సంపు ఖాళీ:
జీవకోన అవతల, కొండ వైపు. 450 అడుగులు. మోటారు 400 దగ్గర ఉంది. నిన్న మెకానిక్ తాడు దించి చూస్తే 300 దగ్గర నీళ్ళు తగిలాయి. వేసినప్పుడు రెండించీల నీళ్ళు పడ్డాయి. 20 ఫ్లాట్లు. మోటారు 5 హెచ్‌పీ, పోయిన నెలే కొత్తది దించాం. పాత 3 హెచ్‌పీ కాలిపోయింది. అది ముప్పావుగంట పోసేది కానీ సన్నగా వచ్చేది, అందుకని పెద్దది పెట్టించాం. మోటారుకూ దీనికీ సంబంధం లేదు, అది బాగానే తిరుగుతోంది.

కేసింగ్ పైపు:
ఉంది.

సంపు ఖాళీ:
ఏంటి ఉంది?

ఊట లెక్క:
నేను చెబుతానన్నా. ఆరున్నర ఇంచీల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్లు నిలుస్తాయి. మీ మోటారు పైన 100 అడుగుల నీళ్ళు, అంటే 650 లీటర్లు. 5 హెచ్‌పీ ఆ లోతు నుంచి నిమిషానికి సుమారు 75 లీటర్లు లాగుతుంది. పది నిమిషాల్లో నిలవ నీళ్ళు అయిపోయాయి, ఇక ఊట అందుకోలేకపోతోంది. ఏట్లో చెలమను చెంబుతో తోడాల్సిన చోట బిందె దించితే ఇసుకే వస్తుంది. ఆపాక ఎంతసేపటికి మళ్ళీ పది నిమిషాలు పోస్తుందో చూశారా?

సంపు ఖాళీ:
అరగంట ఆపితే పోస్తుంది.

ఊట లెక్క:
అయితే బోరు ఎండలేదు. నలభై నిమిషాలకు 750 లీటర్లు, గంటకు 1,100. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 80 మందికి 10,800. పది గంటల్లో వచ్చేస్తాయి. కానీ 5 హెచ్‌పీని రోజుకు అన్నిసార్లు ఆన్, ఆఫ్ చేస్తే వైండింగ్ కాలిపోతుంది. 2 హెచ్‌పీ దించి, టైమరు, నీళ్ళు లేనప్పుడు ఆగిపోయే డ్రై రన్ ప్యానెల్ పెట్టించండి. సన్నగా వస్తే రానీ, సంపు నిండుతుంది కదా. ఇంకోటి, మోటారు ఆపాక బోరు మూత తీసి వినండి. లోపల నీళ్ళు కారే చప్పుడు వస్తే పైపుకు చిల్లు కూడా ఉన్నట్టే.

సంపు ఖాళీ:
రెండించీలు పడ్డాయని చెప్పాను కదన్నా. మా పైపు ఒకటింబావు ఇంచీలే. దానికి గంటకు 1,100 అంటే నమ్మేలా లేదు.

ఊట లెక్క:
ఆ ఇంచీ పైపు సైజు కాదు. బోరు బండివాళ్ళు వీ ఆకారం గాడి ఉన్న రేకు పెట్టి, ఆ గాడిలో నీళ్ళు ఎంత ఎత్తున పోతున్నాయో కొలుస్తారు. ఒక ఇంచీ అంటే గంటకు 500 లీటర్ల చిల్లర, రెండంటే దాదాపు 2,900.

చెరువు గట్టు:
ఇంచీ రెండింతలైతే నీళ్ళూ రెండింతలే కావాలి కదా. ఇదేం లెక్క?

ఊట లెక్క:
గాడి పైకి పోయేకొద్దీ వెడల్పు అవుతుంది సార్. తొంభై డిగ్రీల గాడిలో ఎత్తు రెట్టింపైతే నీళ్ళు అయిదున్నర రెట్లకు పైనే. అదీ బండి కంప్రెసర్ గాలికి ఎగదన్నిన నీళ్ళ లెక్క, పదేళ్ళ తర్వాతి ఊటకు అది గ్యారంటీ కాదు.

చెరువు గట్టు:
మా రోజుల్లో క్యూసెక్కుల్లో చెప్పేవాళ్ళం, ఏ గొడవా ఉండేది కాదు.

మేడ మీద వాన:
మోటార్లు మార్చుకుంటూ పోతే ఏం లాభం? ఇంకుడు గుంత తవ్వించండి. చదరపు మీటరు మేడ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీది 4,000 చదరపు అడుగులున్నా ఏడాదికి మూడు లక్షల లీటర్లు దాటుతాయి.

కేసింగ్ పైపు:
వృథా తీసేస్తే రెండున్నర లక్షలు. రోజుకు 11,000 వాడేవాళ్ళకు మూడు వారాల నీళ్ళు.

మేడ మీద వాన:
ఆ మూడు వారాలూ మే నెలలో వస్తే చేదా?

కేసింగ్ పైపు:
చేదు కాదు. కానీ కంకర, ఇసుక వడపోత లేకుండా మేడ పైపు తెచ్చి నేరుగా బోరులో పెట్టొద్దు. కాకి రెట్టలన్నీ మళ్ళీ మీ గ్లాసులోకే. మొదటి వాన నీళ్ళు బయటికి వదిలేయాలి. వెయ్యి అడుగుల బోరు మాట మాత్రం మరిచిపోండి. ఈ రాతిలో లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, డబ్బుకు గ్యారంటీ లేదు. పైగా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి.

టెంకాయ శాస్త్రం:
ఈశాన్యంలో ఉందో లేదో ఇంకా చెప్పలేదు.

సంపు ఖాళీ:
సరే, మెకానిక్ సాయంత్రం వస్తానన్నాడు. 2 హెచ్‌పీ అని చెబితే మూడో అంతస్తు వాళ్ళు ఒప్పుకోవట్లేదు, చూడాలి. థ్యాంక్స్ అందరికీ.

ఎమ్మార్‌పల్లె అమ్మమ్మ:
పైపులో చప్పుడు విన్నావా నాయనా?

చెరువు గట్టు:
రాయలచెరువు గురించి విడిగా ఒక పోస్టు పెడతాను, ఆసక్తి ఉన్నవాళ్ళు రండి.

కొర్లగుంట కుర్రాడు:
మాకూ ఇదే ప్రాబ్లం. ట్యాంకర్ వాళ్ళ నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే ఇన్‌బాక్స్ చేయండి ప్లీజ్.