విగ్గులు ఎందుకు పుట్టాయి, ఎందుకు పోయాయి, ఇప్పుడు ఎంచుకోవాలంటే ఏం చూడాలి?

కొసపాయ (ప్రశ్న)

ఈజిప్టులో ఉన్న జుట్టు గొరిగించుకుని మరీ విగ్గు పెట్టుకునేవారట. పదిహేడో శతాబ్దంలో ఐరోపా మగవాళ్ళు భుజాల దాకా గిరజాల విగ్గులు వేలాడదీశారు. నూట యాభై ఏళ్ళు తిరిగేసరికి అదంతా పోయి ఇంగ్లండు కోర్టుల్లో మాత్రం మిగిలింది. సొంత జుట్టు తీసేసి పరాయి జుట్టు మోయడంలో సుఖమేమిటి? అంతగా పాతుకున్న అలవాటు అంత తొందరగా ఎలా పోయింది?

రెండోది ఇప్పటి సంగతి. కీమోథెరపీ మొదలవబోయేవాళ్ళు విగ్గు ఎంచుకోవాలంటే ఏం చూడాలి? ఎక్కడ చదివినా "అసలు జుట్టా, సింథటిక్కా" అన్న దగ్గరే మాట ఆగిపోతోంది.

పాతపెట్టె

సుఖమంతా పేల దగ్గర ఉందండీ. సొంత జుట్టులో పేలు పడితే దువ్వెన పట్టుకుని గంటలు కూర్చోవాలి. విగ్గులో పడితే తీసి శుభ్రం చేయించుకోవచ్చు. ఈజిప్టువాళ్ళది పేలకీ ఎండకీ కలిపి చేసుకున్న ఏర్పాటు. విగ్గు కింద వల అల్లిక ఉంటుంది కాబట్టి గొరిగిన నెత్తికి గాలి ఆడుతుంది, ఎండ నేరుగా మాడు మీద పడదు. హోదా కూడా అందులోనే కలిసిపోయింది.

ఈజిప్టులోని పాత నగరం థీబ్స్‌లో దొరికిన విగ్గు ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పైన గిరజాలు, వాటి కింద వందలాది సన్నని జడలు, అంతా మనిషి జుట్టే. పాయలకి తేనెమైనం, గుగ్గిలం కలిపి పట్టించారు. తేనెమైనం కరగాలంటే 62–64 డిగ్రీల వేడి కావాలి, గుగ్గిలం కలిస్తే ఇంకా గట్టిపడుతుంది. అందుకే ఎండలో తిరిగినా గిరజం విడిపోలేదు, మూడు వేల ఏళ్ళు దాటినా ఆ వంపు నిలిచే ఉంది. ఇటలీలో టూరిన్ మ్యూజియంలో మెరిట్ అనే పాతకాలపు ఈజిప్టు ఆవిడ విగ్గు ఉంది. 1906లో బయటపడ్డ సమాధిలోది, దాన్ని దాచుకున్న చెక్క పెట్టె కూడా దొరికింది.

ఐరోపాలో దీన్ని మొదలుపెట్టింది ఫ్రాన్సు రాజు 13వ లూయీ. చిన్న వయసులోనే జుట్టు పలచబడి 1620ల్లో విగ్గు పెట్టాడు. కొడుకు 14వ లూయీ కాలానికి అది దర్బారు వేషమైంది. 1660లో రెండో చార్లెస్ ఇంగ్లండు గద్దె ఎక్కాక అక్కడికీ పాకింది. సిఫిలిస్ జబ్బుకి జుట్టు పాచెలు పాచెలుగా ఊడటం ఆ రోజుల్లో చాలామందికి ఉన్న బాధ. విగ్గు అదీ కప్పింది.

అయితే పేల బెడద పూర్తిగా పోలేదు. లండన్‌లో శామ్యూల్ పెపీస్ 1664 జూలైలో తన డైరీలో రాసుకున్నాడు: కొత్తగా చేయించిన విగ్గులో ఈపి ఉంటే, శుభ్రం చేయించడానికి మంగలి దగ్గరికి తిరిగి పట్టుకెళ్ళాల్సి వచ్చింది. మరుసటి ఏడు ప్లేగు వచ్చినప్పుడు ఇంకో భయం పట్టుకుంది. చచ్చిపోయినవాళ్ళ తలల నుంచి కోసిన జుట్టేమోనని ఇక ఎవరూ విగ్గులు కొనరేమో అని 1665 సెప్టెంబరులో రాశాడు. ఈ జుట్టు ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న ఇవాళ కూడా అడగాల్సిందే.

ఆ గిరజాలు ఎలా వచ్చేవంటే, జుట్టుని చిన్న మట్టి గొట్టాలకి బిగించి చుట్టి, నీళ్ళలో ఉడకబెట్టి, ఆరబెట్టి, పైన పిండిముద్ద కప్పి రొట్టెల పొయ్యిలో కాల్చేవారు. వేడికీ తడికీ మెత్తబడ్డ వెంట్రుక, గొట్టం మీదే ఆరితే ఆ ఆకారానికి కట్టుబడుతుంది. ఇవాళ్టి రోలర్ల పని కూడా ఇదే.

పోవడానికి కారణాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. విగ్గు తెల్లగా కనబడాలంటే ముందు కొవ్వు పూత పూసి, దాని మీద గంజిపిండి పొడి చల్లాలి. ఫ్రెంచి విప్లవం తర్వాత అది జమీందారీ వేషం కింద లెక్కయింది. ఇంగ్లండులో 1795లో ప్రధాని పిట్ ప్రభుత్వం తలకి పొడి వాడేవాళ్ళ మీద ఏడాదికి ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) పన్ను వేసింది. అదే ఏడు గోధుమలకీ కటకట వచ్చింది. తినే పిండిని తలకి చల్లడం చూసేవాళ్ళకి కూడా కష్టంగా ఉండి ఉంటుంది. కుర్రవాళ్ళు సొంత జుట్టు కత్తిరించుకుని తిరగడం మొదలెట్టారు.

కోర్టుల్లో నిలబడటానికి కారణం హంఫ్రీ రావెన్స్‌క్రాఫ్ట్ అనే విగ్గుల తయారీదారు. 1822లో గుర్రపు వెంట్రుకలతో, పొడి అక్కర్లేని, గిరజం విడిపోని విగ్గుకి పేటెంటు తీసుకున్నాడు. రోజువారీ చాకిరీ తప్పింది కాబట్టి లాయర్లు వదల్లేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2008 నుంచి సివిల్, కుటుంబ కేసుల్లో జడ్జీలు విగ్గు మానేశారు. క్రిమినల్ కేసుల్లో ఇంకా ఉంది.

తెరచాటు

పై జవాబుకి ఒక్క చేర్పు. పద్దెనిమిదో శతాబ్దపు బొమ్మల్లో ఆడవాళ్ళకి అడుగు ఎత్తున కనిపించేవి చాలావరకు విగ్గులు కావు, సొంత జుట్టే. లోపల ఉన్నితోనో గుర్రపు వెంట్రుకతోనో చేసిన దిండు పెట్టి, దాని మీదకి జుట్టు దువ్వి, చాలనిచోట సవరం జోడించి, కొవ్వు పూసి పొడి చల్లేవారు. నిండు విగ్గు మగవాళ్ళది. నాటకాలకి వేషం వేయించేవాళ్ళు ఇక్కడ తరచూ తప్పుతారు. ఆడపాత్రకి తల మొత్తం విగ్గు పెడితే నుదుటి అంచు దొరికిపోతుంది. ముందు రెండు వేళ్ళ మేర సొంత జుట్టు వదిలి, దాన్ని దిండు మీదకి వెనక్కి దువ్వితే అతుకు కనబడదు.

ముడిసూది

రెండో ప్రశ్నకి వస్తాను. జుట్టు రకం కన్నా ముందు అడుగు, అంటే వెంట్రుకలు బిగించిన టోపీ, చూడండి. ఏదో ఒక దారిన విగ్గు ఇబ్బంది పెట్టేది అడుగు వల్లే.

మూడు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. మిషను మీద కుట్టిన వరసల టోపీ చవక, గాలి బాగా ఆడుతుంది. కానీ వరసల కుట్లు లోపలికి ఉంటాయి కాబట్టి ఊడిన తల మీద గీరుకుంటాయి. మోనోఫిలమెంట్ అంటే పాపిడి భాగంలో పల్చని వలబట్ట, దాని మీద వెంట్రుకలు చేత్తో ముడివేసి ఉంటాయి. పాపిడి ఎటు తీసినా కింద చర్మం కనిపించినట్టే ఉంటుంది. పూర్తిగా చేత్తో కట్టినది అన్నిటికన్నా మెత్తన. కీమో తర్వాత నెత్తి మంటగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది కాబట్టి కుదిరితే మూడోదే తీసుకోవాలి, లేదా మోనో కింద మెత్తటి నూలు టోపీ వేసుకోవాలి.

ముందు అంచుని దగ్గరగా పట్టుకుని వెలుతురుకి ఎదురుగా చూడండి. మంచి పనిలో నుదుటి దగ్గర ముడికి ఒక్క వెంట్రుకే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ రెండు, మూడు, వెనక ఇంకా ఎక్కువ. ముంగురులు కూడా పొట్టివి కొన్ని కలిపి ఉంటాయి. అంచు నుంచే గుబురుగా మొదలైతే ఎంత ఖరీదైన జుట్టయినా టోపీలాగే ఉంటుంది. ఒత్తు విషయంలోనూ ఆశపడొద్దు. 120–130 శాతం అని రాసి ఉన్నది మామూలు తలకి సరిపోతుంది, 180 అంటే సినిమా జుట్టు.

అసలు జుట్టులో చూడాల్సింది వెంట్రుక వరస. వెంట్రుక మీద పొలుసులు కుదురు నుంచి కొసకి వాలి ఉంటాయి. అన్నీ ఒకే దిక్కుకి పేర్చినదాన్ని రెమీ అంటారు. రాలిన జుట్టు పోగేస్తే కుదురూ కొసా కలిసిపోయి, పొలుసులు ఎదురెదురుగా పట్టుకుని చిక్కులు పడతాయి. దాన్ని దాచడానికి ఆమ్లంతో పొలుసు తీసేసి సిలికాన్ పూత పూస్తారు. కొన్నప్పుడు పట్టులా జారుతుంది, నాలుగైదు తలంట్లకి పూత పోయి గడ్డి అవుతుంది. అసలుదో కాదో అనుమానం వస్తే ఒక్క వెంట్రుక తీసి కాల్చండి. మనిషిదైతే జుట్టు కాలిన వాసన వచ్చి పొడిగా నలుగుతుంది, సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

ఇంక కొలతలు. టేపుని నుదుటి జుట్టు మొదలు దగ్గర పెట్టి, చెవుల వెనక నుంచి మెడ పల్లం దాకా చుట్టి రండి. 54–57 సెంటీమీటర్లు మామూలు సైజు. జుట్టు ఉండగా కొలిస్తే ఊడాక చుట్టుకొలత తగ్గుతుంది, కాబట్టి వెనక బిగించే పట్టీలు ఉన్నదే తీసుకోవాలి. కీమో మొదలైన రెండు నుంచి నాలుగు వారాల్లో ఊడటం మొదలవుతుంది కాబట్టి ముందే ఎంచుకోవాలి. రంగు కలపడానికి సొంత జుట్టు పాయ ఒకటి, పాపిడి కనిపించేలా ఫొటో ఒకటి దాచి ఉంచండి.

పేనుకొరుకుడు ఉన్నవాళ్ళకి లెక్క వేరు. జుట్టు వస్తూ పోతూ ఉంటుంది, ఏళ్ళ తరబడి పెట్టుకోవాల్సి రావచ్చు, అప్పుడు అసలు జుట్టుకి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. కీమోకి కొన్ని నెలలే కాబట్టి మంచి మోనో సింథటిక్ చాలు. అది ఉతికినా ఆకారం పోదు. నీరసంగా ఉన్నవాళ్ళు రోజూ దువ్వి సెట్ చేసుకునే పని తప్పుతుంది.

కొసపాయ

చాలా ఉపయోగంగా ఉంది. తల నున్నగా అయ్యాక జారిపోతుందని అంటారు. గమ్ము వాడొచ్చా? సింథటిక్ ఎలా ఉతకాలి?

ముడిసూది

కీమో సమయంలో గమ్ము, టేపు వద్దు. చర్మం పల్చగా ఉంటుంది, ఊడదీసేటప్పుడు రేగితే చీము పట్టొచ్చు. వెల్వెట్ పట్టీ ఒకటి నుదుటికి కట్టి దాని మీద విగ్గు పెడితే నూగు పట్టుకుని జారదు. అంచుని కనుబొమల పైన నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంచండి. ఎక్కువమంది జారుతుందన్న భయంతో కిందికి లాగేస్తారు, అక్కడే విగ్గని తెలిసిపోతుంది. కణతల దగ్గర రెండు చెవి రెక్కలూ సమానంగా ఉన్నాయో లేదో వేళ్ళతో తడిమి చూస్తే వంకర తెలుస్తుంది.

జుట్టు ఉన్నవాళ్ళు గమ్ము వాడితే ముందు చెవి వెనక చుక్క రాసి 24 గంటలు ఆగాలి. తీసేటప్పుడు కరిగించే ద్రవం అంచంతా తడిపి రెండు నిమిషాలు ఆగండి, లాగితే లేసు (ముందు అంచులో ఉండే పల్చని వల) చిరుగుతుంది. క్లిప్పులు రోజూ ఒకేచోట గుచ్చితే ఆ చోట కుదుళ్ళు లాగి లాగి సొంత జుట్టు పోతుంది.

సింథటిక్‌ని ఎనిమిది, పది సార్లు పెట్టుకున్నాక ఒకసారి ఉతకండి. ముందు పొడిగా ఉండగా కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. చల్లటి నీళ్ళలో ఒక మూత షాంపూ కలిపి ఐదు నిమిషాలు ముంచి ఉంచి, రుద్దకుండా జాడించి, తువ్వాల్లో చుట్టి అదమండి. పిండొద్దు. తడిగా ఉండగా దువ్వెన పెట్టొద్దు, పోగు సాగి కొస ముడుచుకుంటుంది. స్టాండు మీద నీడలో ఆరనివ్వండి. మామూలు సింథటిక్‌కి అసలు శత్రువు వేడి. అన్నం గిన్నె మూత తీసినప్పుడు ఎగసే ఆవిరి చాలు, ముందు పాయలు ఉన్నట్టుండి నూగుదేలిపోతాయి, అవి మళ్ళీ మామూలుగా కావు. వంట చేసేటప్పుడు తీసి నూలు టోపీ పెట్టుకోవడం మేలు. మెడ వెనక మాత్రం కాలరు రాపిడికి ఎలాగూ ముందు పాడవుతుంది. రోజూ వాడితే నాలుగు నుంచి ఆరు నెలలు వస్తుందనుకోండి. పొడవు భుజం తగలనిది ఎంచుకుంటే ఇంకొంచెం ఎక్కువ.