క్రిస్మస్ ప్రేమ నవలలో అంత ఘాటు అవసరమా?

వానచినుకు:
ఈమధ్య కిండిల్‌లో ఒక ఇంగ్లిష్ క్రిస్మస్ రొమాన్స్ చదివాను. పేరు కావాలనే రాయడం లేదు, ఇలాంటివి డజన్ల కొద్దీ వస్తున్నాయి. బోస్టన్‌లో ఉద్యోగం పోయిన అమ్మాయి వెర్మాంట్‌లోని సొంతూరికి వస్తుంది. తండ్రి పోయాక వాళ్ల క్రిస్మస్ చెట్ల తోట అప్పుల్లో పడింది. పక్క తోటాయనకీ ఈమెకీ పడదు. తర్వాత మంచు తుపాను, దారి మూసుకుపోవడం, ఒకటే గది, ఒకటే మంచం. మీకు తెలిసిన వరసే.

సగం దాకా వదలకుండా చదివాను. ఒకచోట అతను ఆమె తడిసిన చేతితొడుగులు తీసి, కట్టెల పొయ్యి దగ్గర ఆరబెట్టి, మాటా పలుకూ లేకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు. నాకు పుస్తకం మొత్తానికి అదే ప్రేమ సీను. ఆ తర్వాత అధ్యాయం విడిచి అధ్యాయం పడకగదే. తండ్రి అప్పు ఏమైందో రచయిత్రికే గుర్తున్నట్టు లేదు. శృంగారం వద్దని కాదు. ఆ సీను అయ్యాక ఇద్దరి మధ్య ఏదో ఒకటి మారాలి కదా? ఇక్కడ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మీరేమంటారు?

మిరపకాయ్:
ఏమంటామండీ! పేరు రాయకపోయినా పుస్తకం పోల్చుకున్నాను, నేనూ చదివాను. రివ్యూల్లో మిరపకాయల బొమ్మలు పెట్టి మరీ శృంగారం ఎంత ఘాటో చెబుతున్నారు. చూసి కొనుక్కుని కారం అంటే ఎలా? ఏడాదంతా ఆఫీసూ పిల్లలూ సరిపోతుంది, సెలవుల్లో నాకు తోట అప్పుల లెక్కలు అక్కర్లేదు. పైగా అతను అడుగడుగునా ఆమెని అడిగే ముందుకెళ్తాడు. మన పాత సీరియల్ హీరోలు చెంప పగలగొట్టి ప్రేమించినప్పుడు ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు మరి.

పాతఅట్ట:
రివ్యూలు అందరూ చదవరు. ఇలాంటి పుస్తకాల అట్టలు చూడండి: కోకో కప్పులు, కుక్కపిల్ల, కార్టూన్ బొమ్మలు. మా పద్నాలుగేళ్ల అమ్మాయి తన వయసువాళ్ల పుస్తకమనుకుని తీసింది! మేం అద్దె లైబ్రరీలో మిల్స్ అండ్ బూన్ తెచ్చుకునే రోజుల్లో కౌగిలింత అట్ట మీదే ఉండేది. అమ్మకి కనబడకుండా దానికి న్యూస్‌పేపర్ అట్ట వేసుకునేవాళ్లం. ప్రేమ నవలలు వేసే హార్లెక్విన్ వాళ్లు ఇప్పటికీ సిరీస్ పేరుతోనే చెప్పేస్తారు: ‘ప్రెజెంట్స్’ అంటే ఘాటు, ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ అంటే దైవభక్తి, పడకగది ఊసుండదు. నాకు లోపలి సీన్లతో పేచీ లేదు, ఈ అట్టతోనే.

మంచుదేశం:
నేనుండేది వెర్మాంట్ పక్కనే, న్యూ హాంప్‌షైర్‌లో. నా గొడవ వేరు. క్రిస్మస్‌కి పెట్టుకునే ఫర్ చెట్టు ఒకటి అమ్మకానికి రావాలంటే ఏడెనిమిదేళ్లు పెంచాలి. అమ్మకాలన్నీ నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నుంచి క్రిస్మస్ దాకా, ఆ నాలుగైదు వారాల్లోనే. తోటవాళ్లకి అన్నం తినే టైముండదు. ఈ హీరోకి మాత్రం పట్టపగలు కూడా తీరికే! రంపం పట్టుకున్న సీను ఒక్కటీ లేదట. ఆ హడావుడి, ఆ అప్పు టెన్షన్ సరిగ్గా రాసుంటే, వాళ్లకి దొరికిన ఒక్క రాత్రికీ విలువ వచ్చేది.

మిరపకాయ్:
అయితే మీరు వ్యవసాయ శాఖ కరపత్రం చదువుకోండి. తొడుగుల సీను బాగుందనే అంటాను. కానీ అక్కడే తలుపు వేసేస్తే నా డబ్బులు వాపసు అడుగుతాను.

వానచినుకు:
తలుపు వేయమనలేదండీ, లోపల వాళ్లని మాట్లాడుకోనివ్వమన్నాను. తుపాను రాత్రి ఆమె తండ్రి చివరి రోజుల గురించి చెప్పబోతుంది. రెండు మాటలు అనేలోపు అతను ముద్దుపెట్టి ఆపేస్తాడు. అడుగడుగునా అడిగే మనిషి, అదొక్కటీ వినడా? నాకు ఒళ్లు మండింది. ఐదుకి మూడు ఇచ్చాను, అందులో రెండు తొడుగులకే.

రెండో భాగం చెల్లెలి కథట. అప్పు అందులోనైనా తీరుతుందేమోనని డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను.