ఆక్రమించినవాడిని మన మంత్రి కౌగిలించుకోవడమేంటి?

హన్మకొండ పోరడు: గ్రూప్స్ కోచింగ్‌లో 1990లో ఇరాక్ చేసిన కువైట్ ఆక్రమణ చెప్పారు. అప్పటి మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి ఇరాక్ అధ్యక్షుడు సద్దాంను కౌగిలించుకున్నారట. తప్పు కాదా?

జగిత్యాల పెద్దాయన: తమ్ముడూ, అప్పుడు మా వాడకట్టులో చాలామంది గల్ఫ్‌లోనే. మా అన్న కువైట్‌లో మేస్త్రీ. లక్షా డెబ్బై వేలకు పైగా మనోళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. సద్దాంతో మాట్లాడకుండా ఎట్లా తేవాలి? బయటి పత్రికలు ఆ కౌగిలిని తిట్టినయ్. మా అమ్మ మాత్రం గుజ్రాల్‌కు దండం పెట్టింది. అయితే కువైట్ వాళ్లను అడిగితే ఇంకో కథ చెబుతారు, అదీ అబద్ధం కాదు.

కాజీపేట రైలు: అమెరికా కూడా 1980లలో ఇరాన్ మీద పోరులో ఇదే సద్దాం వైపు మొగ్గింది. 1984లో ఇరాక్‌తో దౌత్య సంబంధాలు మళ్లీ మొదలుపెట్టింది. 2003లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని దాడి చేస్తే అవి దొరకనే లేదు.

హన్మకొండ పోరడు: మరి 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడిపై ఐరాస ఓటింగ్‌కు మనం దూరంగా ఉన్నాం కదా?

జగిత్యాల పెద్దాయన: ఉన్నాం. తర్వాత రష్యా చమురు బాగా కొన్నాం. దాన్ని కూడా కువైట్ లెక్కలో కలపమంటే నేను ఒప్పుకోను. అక్కడ మనుషులు ఇరుక్కున్నారు, ఇక్కడ బేరం.